మీట నొక్కితే... అవతల ఎవరు?

పదకొండు, పన్నెండు వేలు పెడితే ఫోన్ కవరుకే అదనపు మీటలు వస్తున్నాయి. ఒక్క నొక్కుకి టార్చి వెలుగుతుంది, ఒక్క నొక్కుకి కెమెరా తెరుచుకుంటుంది, ఒక్క నొక్కుకి ఇంటికి ఫోన్ వెళ్తుంది. వినడానికి బాగానే ఉంది. మరి అంత డబ్బు పోయదగ్గదేనా? ఈ ప్రశ్నకి జవాబు దొరికేది ఏసీ షోరూములో కాదు... చేతులు ఎప్పుడూ తడిగానే ఉండే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో!

తెల్లవారుజాము. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ఇంకా వెలుగు పడలేదు. కానీ ఫిషింగ్ హార్బర్ జెట్టీల మీద అప్పటికే పట్టపగల్లా ఉంటుంది. రాత్రి ఒడ్డుకు చేరిన మరపడవల్లోంచి చేపల గంపలు దిగుతుంటాయి. ఒకపక్క రొయ్యల్ని సైజుల వారీగా ఏరుతుంటారు. ఇంకోపక్క సూరలూ కోనాలూ వరసగా పేర్చి ఉంటాయి. ఐసు గుండ చేసే మోత, వేలంపాట కేకలు, ఆటోల హారన్లు... పక్కనున్న మనిషి మాట కూడా వినపడని సందడి అది.

ఆ సందట్లోనే ఎవరి జేబులోనో ఫోన్ మోగుతుంది. బయటికి తీస్తే... అది ఫోన్‌లా ఉండదు. పాలిథిన్ సంచిలో చుట్టి, పైన రబ్బరు బ్యాండు బిగించిన పొట్లంలా ఉంటుంది. వేళ్ల నిండా ఉప్పునీళ్లు, చేప పొలుసులు. తెర మీది పచ్చగుర్తును పక్కకి లాగుతారు. కదలదు. చేతిని లుంగీకి తుడుచుకుని మళ్లీ లాగుతారు. లుంగీ కూడా తడే! ఈలోగా మోత ఆగిపోతుంది. అవతల ఉన్నది సరుకు కొనే వ్యాపారి అయితే ఒక బేరం పోయినట్టే. ఇంటివాళ్లయితే ‘ఒడ్డుకు చేరారా లేదా’ అన్న బెంగ ఇంకో గంట పెరిగినట్టే.

చూడకుండా, తుడవకుండా, తడుముకుని నొక్కితే పనయిపోయే మీట ఒకటి ఉంటే ఎంత బాగుణ్ను! సరిగ్గా ఆ మాట చెప్పే ఖరీదైన ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. కాబట్టి వాటికి హార్బర్‌ని మించిన పరీక్ష లేదు. ఇక్కడ నెగ్గిన మీట ఎక్కడైనా నెగ్గుతుంది. ఇక్కడ ఓడితే ఎందుకు ఓడిందో తెలుసుకోవడం ఇంట్లో వంట చేస్తూ, బండి నడుపుతూ ఫోన్ వాడే మనందరికీ అవసరమే.

తెరకి తడి పడదు!

స్మార్ట్‌ఫోన్ తెర కింద కంటికి కనపడనంత సన్నటి తీగల గళ్లు ఉంటాయి. వాటిలో స్వల్పంగా విద్యుదావేశం ఉంటుంది. మన శరీరం విద్యుత్తుకి వాహకం. అందుకే వేలు ఆనిన చోట ఆ ఆవేశం కాస్త మారుతుంది. ఆ మార్పును బట్టే ఫోన్ ‘ఇదిగో, ఇక్కడ ముట్టుకున్నారు’ అని గుర్తుపడుతుంది.

చిక్కు ఏమిటంటే... నీరూ వాహకమే. అందులోనూ ఉప్పునీరు మరీను. తెర మీద చుక్క పడితే వేలే అనుకుంటుంది. తెరంతా తడిస్తే వేలేదో చుక్కేదో తేల్చుకోలేక తికమకపడుతుంది. ఒకటి నొక్కితే ఇంకొకటి తెరుచుకునేది అందుకే. మందపాటి రబ్బరు గ్లౌజు తొడిగితే తంటా తిరగబడుతుంది. అప్పుడు అసలు వేలు ఉన్నట్టే తెరకి తెలియదు. తడి వేళ్లను గుర్తుపట్టే ఏర్పాట్లు, గ్లౌజు మోడ్‌లు ఉన్న ఫోన్లు వచ్చాయి కానీ, కెరటం మీదపడి సగం తడిసిన మనిషి దగ్గర వాటి తెలివీ అంతంతమాత్రమే.

మీటకి ఈ గొడవ లేదు. లోపల రెండు లోహపు ముక్కలు కలిస్తే పని జరుగుతుంది, విడిపోతే ఆగుతుంది. వేలు తడిసినా, గ్లౌజు ఉన్నా, చీకటైనా దానికి ఒకటే. అన్నిటికన్నా ముఖ్యం... నొక్కినప్పుడు ‘టక్’మని వేలికి తెలుస్తుంది. ఒక చేత్తో తాడు పట్టుకున్నవాడు రెండో చేత్తో చూడకుండా చేయగలిగిన పని అదొక్కటే.

ఈ సంగతి నోకియా ఎప్పుడో గ్రహించింది. 2003లో వచ్చిన నోకియా 1100 గుర్తుందిగా! మనలాంటి దేశాలను దృష్టిలో పెట్టుకునే దాన్ని తయారుచేశారు. దుమ్ము దూరకుండా మీటలన్నిటికీ కలిపి ఒకటే రబ్బరు పొర. చెమట చేతిలోంచి జారిపోకుండా పక్కలకి గరుకు. పైన చిన్న టార్చి... ‘సి’ మీటని నొక్కిపట్టుకుంటే వెలిగేది. ప్రపంచవ్యాప్తంగా పాతిక కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఆ ఫోన్ మన ఊళ్లలో చాలామందికి మొదటి టార్చిలైటు కూడా. షార్ట్‌కట్ మీట అన్న పేరు తెలియకుండానే అందరం వాడేశామన్నమాట.

పోయి... మళ్లీ వచ్చింది

2007లో ఆపిల్ ఐఫోన్ వచ్చాక ముందుభాగంలో మీటలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. తెరే సర్వస్వం అయింది. అయితే జనానికి మీట మీద మోజు పోలేదు.

2013లో ‘ప్రెస్సీ’ అనే బుల్లి మీట కిక్‌స్టార్టర్ అనే చందాల వేదిక మీదికి వచ్చింది. ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రంలో దాన్ని గుచ్చితే చాలు. ఒకసారి నొక్కితే ఒక పని, రెండుసార్లు నొక్కితే ఇంకో పని. ఆలోచన భలేగా ఉందని వేలమంది ముందుగానే డబ్బు కట్టారు. తర్వాత ఏమైంది? కొన్నేళ్లకి ఫోన్ల కంపెనీలు ఇయర్‌ఫోన్ రంధ్రాన్నే ఎత్తేయడం మొదలుపెట్టాయి. దాంతో మీటకి కూర్చునే చోటే కరవైంది!

2017లో శామ్‌సంగ్ తన గెలాక్సీ ఎస్8కి ‘బిక్స్‌బీ’ మీటని చేర్చింది. కంపెనీ చెప్పిన పని తప్ప ఇంకోటి చేయకపోవడంతో దాన్ని ఎలా ఆపాలా అని వెతికినవాళ్లే ఎక్కువ. రెండేళ్లలో అదీ కనుమరుగైంది. 2023లో ఐఫోన్ 15 ప్రోలో ‘యాక్షన్ బటన్’ వచ్చింది. దానికి ఏ పని అప్పగించాలో మనమే నిర్ణయించుకోవచ్చు. 2025లో నథింగ్ కంపెనీ ఫోన్ 3ఏకి ‘ఎసెన్షియల్ కీ’ పెట్టింది.

ఇక కవర్ల విషయానికొస్తే... 2024 జనవరిలో ‘క్లిక్స్’ అనే కంపెనీ ఐఫోన్లకి కీబోర్డు కవరు ప్రకటించింది. పాత బ్లాక్‌బెర్రీ ఫోన్లలోలాగా కింద అక్షరాల మీటలు ఉంటాయి. టైపింగే కాకుండా మీటలతో షార్ట్‌కట్లూ పెట్టుకోవచ్చు. ధర 139 డాలర్ల నుంచి. అప్పటి లెక్కలో మన రూపాయల్లో దాదాపు పదకొండున్నర వేలు. తెప్పించుకునే ఖర్చు, సుంకం అదనం.

ఆ డబ్బును హార్బర్ లెక్కలో చూస్తే దాని బరువు తెలుస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరంలో మరపడవల వేట నిషేధం. ఆ 61 రోజులు ఇల్లు గడవడానికి రాష్ట్రప్రభుత్వం ఒక్కో మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతిని 2025లో పదివేల నుంచి 20 వేలకు పెంచింది. అంటే ఒక్క ఫోన్ కవరు ఖరీదు... రెండు నెలల భృతిలో సగం కన్నా ఎక్కువ!

కవరులో ఏముంటుంది?

డబ్బు సంగతి అలా ఉంచి, ఈ కవర్లు పనిచేసే తీరు చూద్దాం. మూడు రకాలున్నాయి.

మొదటిది ఛార్జింగ్ రంధ్రంలోకి దూరేది. కరెంటు ఫోన్ నుంచే తీసుకుంటుంది కాబట్టి వేరే బ్యాటరీ అక్కర్లేదు. ఊళ్లో అయితే బాగానే ఉంటుంది. ఉప్పుగాలి దగ్గర మాత్రం అసలు చిక్కంతా ఆ రంధ్రంతోనే. కవరుకీ ఫోన్‌కీ మధ్య చేరిన ఉప్పుతడి అక్కడే నిలిచిపోతుంది. లోహపు కొసలు పచ్చబడి, తుప్పుపట్టి చివరికి ఛార్జింగే ఎక్కని పరిస్థితి రావచ్చు.

రెండోది బ్లూటూత్‌తో పనిచేసేది. రంధ్రానికి ఇబ్బంది లేదు కానీ దానికి విడిగా బ్యాటరీ కావాలి. అంటే ఛార్జింగ్ పెట్టాల్సిన వస్తువు ఇంకొకటి పెరిగినట్టు. పైగా బ్లూటూత్ తెగిపోయినప్పుడు మళ్లీ కలపాలంటే... ఆ తడి తెర మీదే వేళ్లు ఆడించాలి!

మూడోది ఏ ఎలక్ట్రానిక్సూ లేనిది. ఫోన్‌కి ఉన్న మీటల మీదనే పెద్దగా, ఎత్తుగా, గరుకుగా ఇంకో మీట వచ్చేలా కవరుని పోతపోస్తారు. కొత్తగా ఏ పనీ చేయదు. ఉన్న మీట చేతికి సులువుగా తగిలేలా చేస్తుందంతే. విచిత్రం ఏమిటంటే హార్బర్ పరీక్షలో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు దీనికే పడతాయి. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు కనుక!

ఏ రకమైనా ఒక షరతు తప్పదు. కవరు ఒక మోడల్ కొలతలకే సరిపోతుంది. ఫోన్ మారిస్తే కవరూ మారాల్సిందే. రెండు మూడేళ్లకోసారి ఫోన్ మార్చే ఇంట్లో పన్నెండు వేల కవరు అంటే నెలకి మూడు నుంచి అయిదు వందలు అద్దె కట్టినట్టే.

‘మా ఫోన్ వాటర్‌ప్రూఫ్. కవరెందుకు?’ అనేవాళ్లూ ఉంటారు. పెట్టె మీద ఐపీ67 అని ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా లోపలికి నీరు దిగలేదని అర్థం. ఐపీ68 అంటే అంతకన్నా ఎక్కువ. అయితే ఆ పరీక్షలు చేసేది మంచినీటిలో. ఉప్పునీటికి ఆ హామీ వర్తించదు. నీరు దిగి పాడైతే మామూలు వారంటీలోనూ సాధారణంగా ఉచితంగా బాగుచేయరు. ఆ మాటకొస్తే ఉప్పునీటి నుంచి కాపాడే విషయంలో మీటలున్న కవరు కన్నా, నోరు బిగుతుగా మూసుకునే రెండు మూడొందల వాటర్‌ప్రూఫ్ పౌచే నయం.

ఉన్న మీటలకే పని చెబితే...

ఇప్పుడు అసలు కిటుకు. కవరు అమ్మేవాళ్లు చెప్పే పనుల్లో చాలావాటిని మన చేతిలోని ఫోన్ ఇప్పటికే చేస్తుంది. ఆ సంగతి మనకి ఎవరూ చెప్పరంతే!

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ మీటని వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే తెర తాకకుండానే కెమెరా తెరుచుకుంటుంది. ఐఫోన్‌లో 2020 నుంచి ‘బ్యాక్ ట్యాప్’ ఉంది. వీపు మీద రెండుసార్లో మూడుసార్లో తడితే మనం చెప్పిన పని చేస్తుంది. గూగుల్ పిక్సెల్ ఫోన్లకీ 2021 నుంచి ఇలాంటిదే వచ్చింది. రెండు వాల్యూమ్ మీటల్నీ కలిపి మూడు సెకన్లు నొక్కిపట్టుకుంటే, చూపు సరిగా లేనివాళ్లకి తెర మీదున్నది చదివి వినిపించే సదుపాయాన్ని ఆండ్రాయిడ్‌లో పెట్టుకోవచ్చు.

ప్రాణం మీదికొచ్చినప్పుడు పనికొచ్చే మీట కూడా మన ఫోన్లోనే ఉంది. ఫోన్లలో ‘పానిక్ బటన్’ తప్పనిసరి చేస్తూ కేంద్రప్రభుత్వం 2016లో నిబంధనలు తెచ్చింది. మామూలు కీప్యాడ్ ఫోన్లో 5 లేదా 9 అంకెను నొక్కిపట్టుకోవాలి. స్మార్ట్‌ఫోన్లో పవర్ మీటని వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలి. కొన్ని మోడళ్లలో అయిదుసార్లు. అత్యవసర సాయానికి కాల్ వెళ్తుంది. ముందే నంబర్లు పెట్టుకుంటే చాలా ఫోన్లు మనం ఎక్కడున్నామో ఇంటివాళ్లకీ కబురు పంపుతాయి. దీనికి అయ్యే ఖర్చు... సున్నా! సెట్టింగ్స్‌లో ‘ఎమర్జెన్సీ’ అని వెతికి అయిదు నిమిషాలు కూర్చోవడమే పెట్టుబడి.

ఇక కీప్యాడ్ ఫోన్లో 2 నుంచి 9 దాకా ఒక్కో అంకెకీ ఒక్కో నంబరు పెట్టుకునే స్పీడ్ డయల్ ఉండనే ఉంది. రెండు నొక్కిపట్టుకుంటే ఇల్లు, మూడు నొక్కితే పడవ యజమాని, నాలుగు నొక్కితే ఐసు ఫ్యాక్టరీ... అక్షరం రానివారికి కూడా ఇది అర్థమవుతుంది. స్మార్ట్‌ఫోన్‌ని సంచిలో భద్రంగా ఉంచి, పనివేళ చేతిలో చిన్న కీప్యాడ్ ఫోన్ పెట్టుకోవడం పాత పద్ధతిలా కనపడొచ్చు. కానీ పదిహేను వందల రూపాయలకి డజనుకు పైగా మీటలు దొరికే బేరం అది!

అన్నిటికీ మీటే మందు కాదనడానికి హార్బర్ బయటే ఒక సాక్ష్యం ఉంది. ఫోన్‌తో చెల్లింపులు వచ్చిన కొత్తలో చేపలమ్మే ఆడవాళ్లకి పెద్ద తలనొప్పి... కొన్నవాళ్లు డబ్బు వేశారో లేదో చూసుకోవాలంటే కోస్తున్న చేపని వదిలి, చెయ్యి కడుక్కుని ఫోన్ తెరవాలి. ఆ సమస్యని తీర్చింది ఏ మీటా కాదు. గట్టిగా మాట్లాడే ఓ చిన్న డబ్బా! ‘రెండు వందల రూపాయలు అందాయి’ అని తెలుగులో చెప్పేస్తుంటే కత్తిపీట ముందునుంచి లేవాల్సిన పనే లేదు.

టవరు దాటాక...

ఇంతవరకూ ఒడ్డు సంగతి. అసలు పరీక్ష సముద్రంలో.

పడవ హార్బర్ కాలువ దాటి డాల్ఫిన్స్ నోస్ వెనక్కి వెళ్లిపోయాక ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గుతాయి. కేరళ తీరంలో సెల్‌ఫోన్ల మీద జరిగిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ఈ దూరం ఎంత విలువైనదో చెబుతుంది. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 1997 నుంచి 2001 మధ్య అక్కడి చేపల రేవుల్ని గమనించి 2007లో ఫలితాలు ప్రకటించారు. తీరంలోని టవర్ల సిగ్నల్ సముద్రంలోకి పాతిక కిలోమీటర్ల దాకా వెళ్లేది. దాంతో జాలర్లు ఒడ్డుకు రాకముందే ఏ రేవులో ధర బాగుందో కనుక్కుని అక్కడికి పడవ తిప్పారు. వాళ్ల లాభం సగటున 8 శాతం పెరిగింది. కొనేవాళ్లకి ధర 4 శాతం తగ్గింది. అమ్ముడుపోక పారబోయడం ఆగిపోయింది. అంత మార్పు తెచ్చినవి కవర్లూ మీటలూ కాదు. అవతల పలికే మనిషి, మధ్యలో టవరు.

విశాఖ మరపడవలు ఆ పాతిక కిలోమీటర్లతో ఆగవు. పది, పదిహేను రోజుల దాకా సముద్రం మీదే ఉంటాయి. టవరు అందని చోట వెయ్యి రూపాయల ఫోనూ లక్ష రూపాయల ఫోనూ ఒకటే. వాటి కవరుకి ఎన్ని మీటలున్నా ‘నాకు సాయం కావాలి’ అన్న మాట పడవ దాటి బయటికి పోదు.

ఒడ్డున ఉన్నా ఆ పరిస్థితి రావచ్చని విశాఖకి బాగా తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరం మీద విరుచుకుపడినప్పుడు కరెంటు పోయింది. టవర్లు మూగబోయాయి. రోజుల తరబడి పక్కవీధిలోని అయినవాళ్ల క్షేమం తెలియాలన్నా నడిచి వెళ్లాల్సి వచ్చింది.

అందుకే సముద్రంలో వెళ్లేవాళ్ల కోసం వేరే మీట ఒకటి ఉంది. ఇస్రో తయారుచేసిన ‘డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్’... క్లుప్తంగా డాట్. 2010 నుంచి వాడుకలో ఉంది. పడవకి ప్రమాదం వస్తే మీట నొక్కాలి. పడవ ఉన్న చోటుతో సహా సందేశం నేరుగా ఉపగ్రహానికి వెళ్తుంది. అక్కడి నుంచి బెంగళూరులోని కేంద్రానికి, ఆపైన కోస్ట్‌గార్డ్ రక్షణ కేంద్రాలకి చేరుతుంది. టవరుతో పనిలేదు. 2024 నాటికి దేశంలో ఇలాంటివి 20 వేలకు పైగా పనిచేస్తున్నాయి.

పాత డాట్‌కి ఒక లోటు ఉండేది. నొక్కినవాడికి తన కబురు అందిందో లేదో తెలిసేది కాదు. నడిసముద్రంలో ఇంజను ఆగి కెరటాల మీద ఊగుతున్న మనిషికి ఆ మౌనం ఎంత భయంకరమో ఊహించుకోవచ్చు. 2024 జనవరిలో ఇస్రో తెచ్చిన రెండోతరం డాట్ ఈ లోటు తీర్చింది. సందేశం అందగానే ‘అందింది’ అని జవాబు తిరిగొస్తుంది. తుపాను, సునామీ హెచ్చరికలూ వస్తాయి. బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపి, ఆ కబుర్లని సొంత భాషలో చదువుకోవచ్చు. సముద్రంలో సిగ్నల్ లేని ఫోన్ కూడా అలా మళ్లీ పనికొస్తుందన్నమాట!

అదే ఏడాది ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని ఇంకో పథకాన్ని ప్రారంభించారు. 13 తీరరాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని లక్ష పడవలకి దశలవారీగా ట్రాన్స్‌పాండర్లు బిగించడం దాని లక్ష్యం. ఖర్చు దాదాపు 360 కోట్ల రూపాయలు. ఇవీ ఉపగ్రహం ద్వారానే పనిచేస్తాయి. పడవకీ ఒడ్డుకీ మధ్య అటూ ఇటూ సందేశాలు నడుస్తాయి.

వీహెచ్ఎఫ్ సెట్టు సంగతీ మర్చిపోకూడదు. నొక్కిపట్టుకుని మాట్లాడే ఆ రేడియోలో 16వ ఛానెల్ ప్రపంచమంతటా ఆపద కబుర్లకి కేటాయించింది. మనల్ని ఉపగ్రహం వినడం ఒక ఎత్తయితే, పక్కనే వేటాడుతున్న ఇంకో పడవ వినడం మరో ఎత్తు. ముందుగా చేరుకోగలిగేది ఆ పడవే కదా!

నొక్కు ఎక్కువైనా చిక్కే

మీట సులువుగా నొక్కుకోవాలి. కానీ మరీ సులువుగా నొక్కుకోకూడదు! ఈ పాఠం 2023లో బ్రిటన్ పోలీసులకి అనుభవంలోకి వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ మీటని అయిదుసార్లు నొక్కితే అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు వచ్చాక, జేబుల్లోనూ సంచుల్లోనూ తెలియకుండానే మీటలు నొక్కుకుపోయాయి. అత్యవసర నంబరుకి ఖాళీ కాల్స్ వెల్లువెత్తాయి. అవతల మాట్లాడేవాళ్లు లేకపోయినా ప్రతి కాల్‌నీ పరిశీలించాల్సిందే. ఈలోగా నిజంగా ఆపదలో ఉన్నవాళ్లు లైన్లో ఎదురుచూడాలి.

పడవల మీద పరికరాలు చేసేవాళ్లకి ఇది పాత పాఠమే. కొత్తరకం వీహెచ్ఎఫ్ సెట్లలో ఆపద మీట ఎర్రగా కనిపిస్తుంది కానీ దాని మీద ఒక మూత ఉంటుంది. మూత తీసి, కొన్ని సెకన్లు నొక్కిపట్టుకుంటేనే సందేశం వెళ్తుంది. కవరు కొనేవాళ్లు కూడా ఇదే చూడాలి. బిగుతైన ప్యాంటు జేబులో కూర్చున్నప్పుడల్లా నొక్కుకుపోయే మీటకి అత్యవసర కాల్ పని అప్పగించడం కొరివితో తల గోక్కోవడమే. దానికి టార్చిలాంటి పనులే మేలు.

మరి ఎవరికి అవసరం?

ఇవన్నీ విన్నాక కవరు మీటలు శుద్ధ దండగ అనుకుంటే అదీ తప్పే. కొందరికి అవి నిజంగా మేలు చేస్తాయి.

వేళ్లు వణికే పెద్దవాళ్లకి తెర మీద చిన్న గుర్తును గురిచూసి తాకడం కష్టం. చూపు సరిగా లేనివారికి చేతికి తగిలే మీట కళ్లతో సమానం. రోజంతా గ్లౌజులతో పనిచేసే శీతల గిడ్డంగి ఉద్యోగికి, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సూపర్‌వైజరుకి గంటకి పదిసార్లు గ్లౌజు తీసి వేసుకునే శ్రమ తప్పుతుంది. అయితే ఫోన్‌కి సొంతంగా యాక్షన్ మీటలాంటిది ఉందేమో ముందు చూసుకోవాలి. ఉంటే ఆ మీటని ఎత్తుగా చూపే మామూలు కవరు చాలు.

పడవ నడిపేవారికీ ఒక మంచి ఉపయోగం ఉంది. ఫోన్లోని జీపీఎస్‌కి టవరు అక్కర్లేదు. ఉపగ్రహాల నుంచి నేరుగా స్థానం తెలుసుకుంటుంది. చేప బాగా పడిన చోటో, వల చిక్కుకునే రాతిగుట్ట ఉన్న చోటో కనపడగానే ఒక్క నొక్కుతో ఆ స్థానాన్ని గుర్తుపెట్టుకునేలా చేసుకుంటే అది రేపటి వేటకి పనికొస్తుంది. టార్చి, స్థానం, ఫొటో, మాట రికార్డు చేసుకోవడం... టవరు లేకపోయినా పనిచేసే ఈ నాలుగింటికే సముద్రం మీద ఫోన్ మీట పరిమితం.

మిగతా అందరికీ? ఉన్న మీటలకి పని నేర్పుకోవడమే లాభం.

కొనేముందు అయిదు ప్రశ్నలు

1. నా ఫోన్లో ఈ పని చేసే మీట ఇప్పటికే ఉందా? సెట్టింగ్స్‌లో ‘జెశ్చర్స్’, ‘యాక్సెసిబిలిటీ’, ‘ఎమర్జెన్సీ’ అన్న మూడుచోట్లా వెతకండి. వారం రోజులు వాడి చూడండి. చాలామందికి ప్రశ్న అక్కడితో తీరిపోతుంది.

2. రోజుకి ఎన్నిసార్లు నొక్కుతాను? వేళ్ల మీద లెక్కపెట్టండి. రెండు మూడుసార్లకి మించకపోతే డబ్బు మిగుల్చుకోండి.

3. మీటకి నచ్చిన పని నేనే పెట్టుకోవచ్చా? కంపెనీ పెట్టిన పని తప్ప ఇంకోటి చేయని మీట కొన్నాళ్లకి అలంకారంగా మిగులుతుంది.

4. ఛార్జింగ్ రంధ్రం మూసుకుపోతుందా? తడి, ఉప్పుగాలి ఉన్నచోట రంధ్రంలోకి దూరే కవరు వద్దు. ఎలాంటి కవరైనా వారానికోసారి తీసి, పొడి గుడ్డతో తుడిచి, ఆరాక వేయండి.

5. ఆపదలో నొక్కితే జవాబిచ్చేదెవరు? ఊళ్లో అయితే 112. సముద్రంలో ఆపదకి కోస్ట్‌గార్డ్ 1554, మెరైన్ పోలీసు 1093... ఇవి టవరు అందినంతవరకే. అది దాటి వెళ్లే పడవకి డాట్ లేదా ట్రాన్స్‌పాండరు, వీహెచ్ఎఫ్ సెట్టు ఉండాలి. బయల్దేరేముందు అవి పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి. సరదాకి నొక్కి పరీక్షించకూడదు.

* * *

జూన్ మధ్యలో నిషేధం ముగిసి పడవలు మళ్లీ సముద్రంలోకి కదిలే రోజుల్లో హార్బర్ అంతా పండగే. డీజిలు, ఐసు, బియ్యం, మంచినీళ్లు ఎక్కిస్తారు. గంగమ్మకి కొబ్బరికాయ కొడతారు. కాలువ దాటేలోపు పడవ మీదున్నవాళ్లంతా ఆఖరిసారిగా ఇంటికి ఫోన్ చేస్తారు. ‘జాగ్రత్త’ అని ఇటునుంచి, ‘వచ్చేస్తాం’ అని అటునుంచి. ఆ తర్వాత సిగ్నల్ ఉండదు.

అక్కడి నుంచి పది, పదిహేను రోజుల పాటు ఒడ్డునున్న ఆడవాళ్లకి కావలసింది మగవాళ్ల ఫోన్ కవరుకి ఎన్ని మీటలున్నాయన్న లెక్క కాదు. పడవలో ఆ ఒక్క మీట సరిగ్గా ఉందా, నొక్కితే అవతల వినేవాళ్లున్నారా అన్న భరోసా. ఫోన్ కవరుకి పన్నెండు వేలు తీసేముందు మనం వేసుకోవలసిన ప్రశ్న కూడా అంతకన్నా పెద్దదేం కాదు!